బెజవాడ ప్రైవేట్ థియేటర్లో మ్యాజికల్ గర్ల్స్: బొమ్మ బానే ఉంది, మరి గొంతు?

మొగల్రాజపురం, పటమట, బెంజి సర్కిల్ వైపు ఈమధ్య వరసపెట్టి తెరిచిన ప్రైవేట్ థియేటర్లు ప్రధానంగా పుట్టినరోజుల కోసం కట్టినవి. ఆరుగురికో పదిమందికో సోఫాలు, గోడంత తెర, పైకప్పులో చుక్కల లైట్లు, కేకు బల్ల, అదనంగా డబ్బులిస్తే పొగ. ఆ ప్యాకేజీలో సినిమా ఒక ఐటమ్, అంతే. అందుకని అక్కడి స్పీకర్లూ ప్రొజెక్టరూ ఒకే రకం బొమ్మకు సెట్ చేసి ఉంటాయి: హీరో ఎంట్రీకి సోఫా అదరాలి. అలాంటి చోట జపనీస్ మ్యాజికల్ గర్ల్ యానిమే, అంటే మంత్రశక్తితో రూపం మార్చుకునే అమ్మాయిల కార్టూన్ సిరీస్, పెట్టుకుంటే ఎలా ఉంటుందన్నదే ఈ రివ్యూ. ఇది ఏ ఒక్క హాలు గురించో కాదు. సామాన్లు, అలవాట్లు దాదాపు అన్నిచోట్లా ఒకటే. గుంటూరులో ఇలాంటి హాలు తీసుకునేవాళ్లకూ పనికొస్తుంది.

తీర్పు ముందే చెప్పేస్తే సరి. వాళ్లు పెట్టి ఇచ్చినట్టే చూస్తే డబ్బు దండగ. మొదటి పది నిమిషాలు రిమోట్ మన చేతిలోకి తీసుకుని కొన్ని సెట్టింగులు మార్చుకుంటే మాత్రం మడోకా మాగికా, కార్డ్‌క్యాప్టర్ సకురా ఇక్కడ చూసి తీరాల్సినవే. పాత సైలర్ మూన్‌కి ఇంట్లో ఒక మంచి వైరు హెడ్‌ఫోనే నయం. నలుగురూ కలిసి చూడాలన్న సరదా ఉంటే తప్ప దానికోసం స్లాట్ తీసుకోనక్కర్లేదు.

గొంతు గురించి ఇంత పట్టింపు ఎందుకంటే, ఈ జానర్లో బొమ్మ పొదుపుగా వాడతారు. రూపం మారే సీను ఒక్కసారి ఒళ్లు దగ్గరపెట్టుకుని గీస్తారు, ఇక వారం వారం దాన్నే వాడతారు. జపాన్ స్టూడియోల్లో దీన్ని బ్యాంక్ అంటారు. 1992 మార్చి 7న టీవీ అసాహీలో మొదలై 1997 ఫిబ్రవరి 8న ముగిసిన సైలర్ మూన్ మొత్తం 200 ఎపిసోడ్లు. అన్నిసార్లు అదే రిబ్బన్లు తిరుగుతున్నా విసుగు రాకపోవడానికి కారణం ఆ సీనుకి ముందూ వెనకా ఉండే ఏడుపు, భయం, మొండితనం. అవన్నీ గొంతులోనే ఉంటాయి. మాట్లాడేటప్పుడు నోటికి గీసేవి కూడా మామూలుగా మూడే బొమ్మలు: మూసినది, సగం తెరిచినది, పూర్తిగా తెరిచినది. మిగతా నటనంతా సేయూ, అంటే వాయిస్ ఆర్టిస్టు, మోయాల్సిందే.

పైగా జపాన్‌లో రికార్డింగ్ పద్ధతి వేరు. బొమ్మ ముందు వేసుకుని, నటులందరూ ఒకే గదిలో మూడు నాలుగు మైకుల ముందు వంతులవారీగా వచ్చి చెబుతారు. కాగితం చప్పుడు కాకుండా పేజీ తిప్పడం కూడా ఆ పనిలో భాగమే. కోవిడ్ తర్వాత చిన్న చిన్న గుంపులుగా రికార్డు చేయడం పెరిగింది గానీ, పాత సిరీస్‌లన్నీ ఇలా కలిసి చెప్పినవే. ఒకరి మాట మీద ఒకరు పడే ఆ వేగం, ఒక్కొక్కరూ విడివిడిగా చెప్పిన ఇంగ్లీష్ డబ్బింగులో ఉండదు. సైలర్ మూన్ నాయిక ఉసాగి, ఆమె స్నేహితురాలు రే నాలుకలు బయటపెట్టి పోట్లాడుకునే సీనుల్లో కోతోనో మిత్సుయిషి, మిచియే తోమిజావా గొంతులు ఒకదాన్నొకటి తోసుకుంటూ పోతాయి. హాలు బాగుందో లేదో తేల్చడానికి మొదటి పరీక్ష ఇదే. రెండు గొంతులు విడివిడిగా వినబడితే సరే, కలిసిపోయి గోలగా వినబడితే రిసీవర్లో, అంటే స్పీకర్లకి శబ్దం పంచే పెట్టెలో, ఏదో ఎఫెక్ట్ ఆన్ అయి ఉంది.

బొమ్మ సంగతి త్వరగా తేల్చేద్దాం. సైలర్ మూన్, 1998 నాటి కార్డ్‌క్యాప్టర్ సకురా రెండూ పాత టీవీ కొలతలో, 4:3లో తీసినవి. తెరకి అటూ ఇటూ నల్ల పట్టీలు రావాలి, అది లోపం కాదు. హాలు కుర్రాడికి మాత్రం అది లోపంలాగే కనబడుతుంది. "సార్, పక్కన నల్లగా వస్తోంది, ఫుల్ చేసేస్తా" అని మనం అడక్కుండానే సాగదీసేస్తాడు. "వద్దు తమ్ముడూ, ఒరిజినల్లో పెట్టు" అని చెప్పాలి. సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి స్కేలు అక్కర్లేదు. సైలర్ మూన్ మొదటి పాటలో పెద్ద చందమామ వస్తుంది. అది కోడిగుడ్డులా ఉంటే సాగదీసినట్టే.

ప్రొజెక్టర్ మెనూలో వివిడ్, డైనమిక్ అని ఉంటే సినిమా మోడ్‌కి మార్చండి, లేదంటే సకురా గులాబీ రంగు గౌను ట్యూబ్‌లైట్ లాగేస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం మోషన్ స్మూతింగ్. ఒక్కో కంపెనీ దానికి ఒక్కో పేరు పెడుతుంది, ఏ పేరున్నా ఆఫ్ చేయించండి. సెకనుకి 24 ఫ్రేములున్నా మామూలు సీనుల్లో ఒక్కో బొమ్మని రెండు మూడు ఫ్రేముల పాటు నిలబెడతారు. ఆ నిలకడ లెక్కలో భాగం. మధ్యలో యంత్రం సొంతంగా ఫ్రేములు పుట్టించి దూరిస్తే కర్ర తిప్పే చేయి చుట్టూ నీడలు లేస్తాయి. ఇంకో లాభం కూడా ఉంది. స్మూతింగ్ ఆపితే ప్రొజెక్టర్ బొమ్మని ఆలస్యం చేయడం తగ్గి, గొంతుకీ బొమ్మకీ మధ్య ఎడం కూడా తగ్గుతుంది.

ఇక అసలు విషయం, సౌండ్. ఇక్కడే ఎక్కువ హాళ్లు దెబ్బతింటాయి. యానిమే అనగానే కుర్రాళ్లకు గుర్తొచ్చేది డీమన్ స్లేయర్. 2025 సెప్టెంబరు 12న దాని సినిమా ఇన్ఫినిటీ క్యాజిల్ తెలుగు డబ్బింగుతో కూడా థియేటర్లకు వచ్చింది కదా, యానిమే అంటే ఆ మోత అని ఫిక్సయిపోయారు. దానికి తగ్గట్టు సబ్‌వూఫర్ పూర్తిగా తిప్పి, ఐదు స్పీకర్లలోంచీ శబ్దం వచ్చే మోడ్ పెట్టి ఉంచుతారు.

సైలర్ మూన్ పాత సిరీస్ ఆడియో మోనో, అంటే ఒకటే ఛానెల్. సకురా, మడోకా టీవీ సిరీస్‌లు రెండు ఛానెళ్లవి. వీటిని అన్ని స్పీకర్లకీ పంచే మోడ్‌లో వేస్తే ఉసాగి తెర మీద ఏడుస్తుంటే ఏడుపు మీ చెవి వెనక నుంచి వస్తుంది. వెనక సోఫా, వెనక స్పీకర్లకి అడుగు దూరంలో ఉండే చిన్న హాళ్లలో ఇది మరీ చిరాకు. రిసీవర్ రిమోట్‌లో సరౌండ్ బటన్ నొక్కుకుంటూ పోతే డాల్బీ సరౌండ్ అనో, పాత మోడల్ అయితే ప్రో లాజిక్ అనో వస్తుంది. రెండు ఛానెళ్లలోనూ సమానంగా ఉన్న శబ్దాన్ని అది మధ్య స్పీకర్‌కి పంపుతుంది, కాబట్టి మాట తెర మధ్యలోంచి వస్తుంది. మనకి కావాల్సింది అదే. ఒకవేళ మధ్య స్పీకర్ నాసిరకమై గొంతు డొల్లగా వినిపిస్తే స్టీరియో మోడ్ పెట్టి, మధ్య సోఫాలో కూర్చోండి. రెండిటినీ అర నిమిషం చొప్పున ఒకే సంభాషణ మీద వేసి చూస్తే ఏది మేలో వెంటనే తెలిసిపోతుంది. హాల్, స్టేడియం, కాన్సర్ట్ అనే మోడ్‌ల జోలికి మాత్రం పోవద్దు, అవి గొంతుకి ప్రతిధ్వని అంటిస్తాయి.

తర్వాత సబ్‌వూఫర్. వెనక నాబ్ ఉంటే మూడో వంతుకి తగ్గించండి, మెనూలో అయితే 6 డెసిబెల్స్ కిందికి దించండి. మధ్య స్పీకర్‌ని 2 లేదా 3 డెసిబెల్స్ పెంచండి. ట్రెబుల్ సున్నా దగ్గర పెట్టండి. కారణం చెబుతాను. ఆడవాళ్ల మామూలు గొంతు మూల స్వరం 200 హెర్ట్జ్‌కి కాస్త అటూ ఇటూ ఉంటుంది. ఈ హాళ్లలో గోడకి బిగించే చిన్న డబ్బా స్పీకర్లు సుమారు 120, 150 హెర్ట్జ్ దగ్గరే చేతులెత్తేస్తాయి. ఆ పైన ఉన్న కొద్ది భాగంలోనే గొంతు బలం ఉంటుంది. సబ్‌వూఫర్ మోత పెంచితే ఆ భాగాన్నే మింగేస్తుంది. పై వైపున స, ష, త్స లాంటి ధ్వనులు 5 నుంచి 8 వేల హెర్ట్జ్ మధ్య ఉంటాయి, జపనీస్‌లో ఇవి అడుగడుగునా వస్తాయి. ట్రెబుల్ పెంచితే ప్రతి మాటా చెవిలో గుచ్చుకుంటుంది. అరగంటకే తలనొప్పి వచ్చిందని ఆడియోని తిట్టుకునేవాళ్లు చాలామంది నిజానికి తిట్టాల్సింది ఈ నాబ్‌నే.

పెదవికీ మాటకీ ఎడం ఉందో లేదో చూడ్డానికి యానిమేలో నోరు చూడొద్దు. మూడు బొమ్మల నోరు ఎప్పుడూ కాస్త అటూ ఇటుగానే ఉంటుంది, మోసపోతారు. గట్టిగా తగిలే శబ్దం ఉన్న చోటు చూడండి. సకురా గాల్లోకి విసిరిన కార్డుని మంత్రదండంతో కొట్టే క్షణం దీనికి బాగా పనికొస్తుంది. దండం కార్డుని తాకినప్పుడే శబ్దం రావాలి. శబ్దం ముందు వస్తే ప్రొజెక్టర్ బొమ్మని ఆలస్యం చేస్తోందని అర్థం. రిసీవర్లో లిప్ సింక్ లేదా ఆడియో డిలే అన్న చోట 40 మిల్లీసెకన్లతో మొదలుపెట్టి పదేసి పెంచుకుంటూ పోతే కుదురుతుంది. శబ్దం వెనకపడితే మాత్రం ఎక్కడో బ్లూటూత్ ఉంది. దాన్ని ఏ మెనూ సరిచేయలేదు, ఆలస్యంగా వచ్చిన శబ్దాన్ని ముందుకి జరిపే బటన్ ఉండదు. వైరు వేయమనండి. వైరు లేదంటే ఆ హాలు మనకి పనికిరాదు.

సెట్టింగులు అయ్యాయి కాబట్టి ఏ సిరీస్ ఏ గొంతు కోసం పెట్టుకోవాలో చూద్దాం.

సైలర్ మూన్ పెట్టేముందు అది ఏ సైలర్ మూనో చూసుకోండి. 2014లో మొదలైన క్రిస్టల్ వేరు, 2021లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ఎటర్నల్ సినిమాలు ఆ వరసలోవే. ఐదుగురు అమ్మాయిల్లో ఉసాగికి మాత్రమే పాత గొంతు, కోతోనో మిత్సుయిషి, కొనసాగింది. మిగతా నలుగురికీ కొత్తవాళ్లొచ్చారు. అప్పటి మెర్క్యురీ అయా హిసకావా అయితే ఇప్పటి మెర్క్యురీ హిసాకో కనెమొతో. పాత అభిమానులు కొత్తది పెట్టుకుని "గొంతులు మారిపోయాయేంటి, హాలు స్పీకర్ల తేడా కాబోలు" అనుకునే ప్రమాదం ఉంది.

పాతదానిలో చెవికి మంచి పరీక్ష ఒకటుంది. మొదటి సీజన్ చివర్లో మిత్సుయిషి అనారోగ్యంతో రాలేకపోవడంతో 44 నుంచి 50వ ఎపిసోడ్ దాకా ఉసాగికి కయే అరాకి గొంతిచ్చింది. అంటే 46వ ఎపిసోడ్, మొదటి సీజన్ ముగింపు, అందరూ కళ్లు తుడుచుకునే ఆ ఎపిసోడ్, మిత్సుయిషిది కాదు. 43, 44 ఎపిసోడ్ల నుంచి చెరో నిమిషం వెంటవెంటనే వేయండి. అరాకి పాపం ఉసాగి ధోరణిని జాగ్రత్తగా పట్టుకుంది, కానీ మిత్సుయిషి ఏడుపులో మాట చివర జారే ఆ చిన్న కీచు ఆమెకి లేదు. ఆ తేడా మీ సోఫాలో వినబడితే హాలు పాసైనట్టు. వినబడకపోతే ట్రెబుల్, సబ్ మళ్లీ చూసుకోండి. ఆ తర్వాత అరాకికి ఉసాగి కూతురు చిబియుసా పాత్ర దక్కింది, కాబట్టి తల్లి గొంతు కొన్నాళ్లు మోసిన మనిషే కూతురి గొంతు అయింది. మిత్సుయిషి సంగతి సరే సరి, 1995 నాటి యానిమే ఎవాంజెలియన్‌లో మిసాతో కూడా ఆవిడే. ఆ బీరు తాగే మేజర్, ఈ ఏడుపుగొట్టు ఉసాగీ ఒకే మనిషంటే మొదటిసారి వినేవాళ్లు నమ్మరు.

ఇంకో పరీక్ష కేకో హన్. నల్లపిల్లి లూనా, విలన్ క్వీన్ బెరిల్, రెండూ ఆవిడే. పిల్లి సణుగుడు పైనా, రాణి హుంకారం కిందా. అన్ని స్పీకర్లూ ఊదే మోడ్‌లో ఈ రెండిటి మధ్య తేడా మసకబారుతుంది.

కార్డ్‌క్యాప్టర్ సకురా దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే ఈ హాళ్లకి బాగా నప్పేది ఇదే. 1998 ఏప్రిల్ 7 నుంచి 2000 మార్చి 21 వరకు ఎన్‌హెచ్‌కే బీఎస్2 ఛానెల్లో 70 ఎపిసోడ్లు, మ్యాడ్‌హౌస్ స్టూడియో, దర్శకుడు మోరియో అసాకా. ఇందులో కేకలు తక్కువ, నిమ్మళమైన మాట ఎక్కువ. సకురాకి గొంతిచ్చినావిడ పేరు కూడా సకురాయే, సకురా తాంగే. ఆవిడ కంగారుపడినప్పుడు "హోయే" అంటుంది, మురిసిపోయినప్పుడు "హన్యా" అని సాగదీస్తుంది. సబ్‌టైటిల్లో ఇవి చాలాసార్లు రానే రావు. ఊపిరితో కలిసిపోయే ఆ చిన్న చప్పుళ్ల కోసమే మధ్య స్పీకర్‌ని రెండు డెసిబెల్స్ పెంచమన్నది.

కెరో, ఆ పసుపు బొమ్మంత సంరక్షకుడు, ఒసాకా యాసలో మాట్లాడతాడు. గొంతు అయా హిసకావాది, ఆవిడ పుట్టిందీ ఒసాకా జిల్లాలోనే. అంటే అది సొంత యాస. ఇంగ్లీష్ సబ్‌టైటిల్లో అందరూ ఒకే రకంగా మాట్లాడతారు కాబట్టి, చదువుతూ చూస్తే కెరో సగం పోయినట్టే. కాసేపు కింద అక్షరాలు వదిలేసి చెవితో వినండి. సకురా స్నేహితురాలు తొమోయో మర్యాద మాట, కెరో దబాయింపు, భాష రాకపోయినా తెలుస్తాయి. హిసకావానే సైలర్ మెర్క్యురీ, 2010 నాటి హార్ట్‌క్యాచ్ ప్రీక్యూర్‌లో క్యూర్ మూన్‌లైట్ కూడా. హిరోమి త్సురు 2017లో చనిపోయాక డ్రాగన్ బాల్‌లో బుల్మా పాత్ర కూడా ఆవిడ చేతికే వచ్చింది. బుద్ధిమంతురాలు, నోటి దురుసు బొమ్మ, గాయపడిన యోధురాలు: ఒకే స్లాట్‌లో మూడు సిరీస్‌ల నుంచి ఒక్కో ఎపిసోడ్ ఏరుకుని ఒక్క గొంతునే వెంటాడొచ్చు. ఈ హాళ్లకి ఇంతకన్నా మంచి ప్రోగ్రాం తోచదు.

సకురా అన్న స్నేహితుడు యుకితో పాత్రకి మెగుమి ఒగాటా. ఎవాంజెలియన్ షింజీ, సైలర్ యురేనస్ కూడా ఆవిడే. యుకితో మాటలో ఎప్పుడూ ఒక చిరునవ్వు ఉంటుంది. అతనిలోని రెండో మనిషి యూయే మాట్లాడేటప్పుడు అదే గొంతులో ఆ నవ్వు తీసేస్తుంది, అంతే, వేరే ఏ విన్యాసమూ చేయదు. కింది స్థాయి గొంతు కాబట్టి చిన్న డబ్బా స్పీకర్ల బలహీనత ఇక్కడే బయటపడుతుంది. యూయే మాటలు పల్చగా, మగ్గినట్టు వస్తే రిసీవర్లో స్పీకర్ సైజు స్మాల్ అని పెట్టి, క్రాసోవర్, అంటే ఏ స్వరం కిందివి సబ్‌వూఫర్‌కి వెళ్లాలో చెప్పే హద్దు, 120 హెర్ట్జ్ దగ్గర ఉందేమో చూడండి. దాన్ని 80కి పెడితే ఆ డబ్బాలు మోయలేవు, మధ్యలో గుంట పడుతుంది. 2018లో 22 ఎపిసోడ్లుగా వచ్చిన క్లియర్ కార్డ్‌లో ఈ గొంతులే తిరిగొచ్చాయి. పాతదీ కొత్తదీ పక్కపక్కన వేసి చూస్తే ఇరవయ్యేళ్లు ఎక్కడ కనబడతాయో మీరే చెప్పండి.

మడోకా మాగికా గురించి ముందు ఒక హెచ్చరిక. పోస్టర్లో రంగురంగుల గౌన్లు చూసి ఎనిమిదేళ్ల పాప పుట్టినరోజుకి ఇది పెట్టించే అమ్మానాన్నలు ఉంటారు. వద్దండీ. 2011 జనవరిలో మొదలైన ఈ 12 ఎపిసోడ్ల సిరీస్ జపాన్‌లో అర్ధరాత్రి దాటాక వేసినది, అకియుకి షింబో దర్శకత్వం, గెన్ ఉరోబుచి రాత. మూడో ఎపిసోడ్‌కి పిల్లలు ఏడుస్తారు, కేకు కోసేవాళ్లుండరు. పిల్లలకైతే సకురా, లేదా జపాన్‌లో ఆదివారం పొద్దున ఎనిమిదిన్నరకి వచ్చే ప్రీక్యూర్ పెట్టండి.

పెద్దవాళ్లకి మాత్రం ఇది ఈ హాల్లోనే చూడాలి. క్యూబే అనే తెల్ల జీవి మాట్లాడుతుంది, నోరు మాత్రం కదలదు. ఎమిరి కాతో గొంతు మొదటి నుంచి చివరి దాకా ఒకే మెత్తదనంతో, ఒకే ఎత్తులో ఉంటుంది. ఎంత ఘోరమైన మాట చెప్పినా స్వరం పెరగదు. నోరు కదలని జీవి గొంతు తెర మధ్యలోంచి, మన ఎదురుగా రావాలి. వెనక స్పీకర్లలోంచి వస్తే భయం పోయి నవ్వొస్తుంది. మడోకాగా ఆవోయి యూకి చాలాచోట్ల గుసగుసగానే మాట్లాడుతుంది, హోమురాగా చివా సైతో కావాలని చల్లగా, తడిలేని గొంతుతో చెబుతుంది. ఆ చల్లదనం ఎందుకో తెలిశాక మొదటి ఎపిసోడ్‌కి తిరిగి వెళ్లి వినండి. మంత్రగత్తెల మాయాలోకం సీను వచ్చేసరికి యూకి కజియురా సంగీతం ఒక్కసారి లేస్తుంది. గుసగుసకీ ఆ హోరుకీ మధ్య ఎడం చాలా ఎక్కువ. పక్క హాల్లో డీజే పాటలు వస్తుంటే నైట్ మోడ్ ఆన్ చేయండి, గుసగుసలు పైకొస్తాయి. హాలు నిశ్శబ్దంగా ఉంటే ఆఫ్‌లోనే ఉంచండి, ఆ ఎడం పోగొట్టుకోవద్దు.

ప్రీక్యూర్ పెట్టేవాళ్లకి ఒక్క మాట. 2004 ఫిబ్రవరి 1న మొదలైన మొదటి సిరీస్ దర్శకుడు దైసుకే నిషియో, డ్రాగన్ బాల్ జెడ్ తీసినాయనే. అందుకే ఇక్కడి అమ్మాయిలు మంత్రం కన్నా ముందు పిడికిలి వాడతారు. క్యూర్ బ్లాక్ యోకో హొన్నా, క్యూర్ వైట్ యుకానా ఇద్దరూ కలిసి ఒకేసారి రూపం మార్చుకునే మాట అరుస్తారు. ఒకరిది బండ గొంతు, ఒకరిది పల్చటిది. రెండూ విడివిడిగా వినబడాలి. ఇది స్టీరియో మోడ్‌లో బాగుంటుంది. ఫైట్ల కోసం సబ్‌వూఫర్ కాస్త పెంచుకున్నా తప్పులేదు.

లైట్ల విషయం తేలిగ్గా తీసుకోవద్దు. 1997 డిసెంబరు 16న పోకెమాన్‌లో ఒక ఎపిసోడ్‌లో ఎరుపు నీలం మెరుపులు గబగబా మారడంతో జపాన్‌లో వందల మంది పిల్లలు ఆసుపత్రి పాలయ్యారు. తర్వాతే అక్కడ టీవీ సంస్థలు మెరుపుల మీద నిబంధనలు పెట్టుకున్నాయి. గదిలో వెలుతురు ఉంచి, టీవీకి దూరంగా కూర్చుని చూడమని పిల్లల కార్యక్రమాల ముందు వేయడం అలా మొదలైంది. సైలర్ మూన్ పాత సిరీస్ ఈ నిబంధనల కంటే ముందుది. ఈ హాళ్లలో పూర్తి చీకటి, తెరకి ఆరడుగుల దూరంలో ముందు సోఫా. పిల్లలుంటే గోడ లైట్లు సన్నగా వెలిగించే ఉంచండి, ముందు వరసలో కూర్చోబెట్టకండి. మూర్ఛ ఉన్నవాళ్లెవరైనా వస్తుంటే ఈ జానర్ అసలొద్దు. పైకప్పు చుక్కల లైట్లు మినుకుమినుకుమనే మోడ్‌లో ఉంటే ఆపించండి. పొగ కూడా వద్దు. ప్రొజెక్టర్ వెలుగు పొగలో చెదిరి బొమ్మ పాలిపోతుంది.

లాగిన్ మనదే ఉంటుంది, హాలువాళ్లు ఇచ్చేది తెర మాత్రమే. కాబట్టి బుక్ చేసేముందు ఫోన్లో అడగాల్సినవి: టీవీ స్టిక్ ఉందా, ల్యాప్‌టాప్‌కి హెచ్‌డీఎమ్‌ఐ వైరు ఉందా, రిసీవర్ రిమోట్ కస్టమర్‌కి ఇస్తారా, నెట్ ఎవరిది. "రిమోట్ ఇవ్వం, మా అబ్బాయే పెడతాడు" అంటే వేరే హాలు చూసుకోండి. మధ్యలో పాత హెచ్‌డీఎమ్‌ఐ స్ప్లిటర్ ఉంటే కాపీ రక్షణ కుదరక మాట వస్తూ తెర నల్లగా ఉండిపోతుంది. స్ప్లిటర్ తీసేసి వైరు నేరుగా పెట్టమనండి, సరిపోతుంది. మీరు పెట్టాలనుకున్న సిరీస్ మీ ఖాతాలో ఇప్పటికీ ఉందో లేదో, జపనీస్ ఆడియో ఉందో లేదో ముందురోజు రాత్రే చూసుకోండి, హక్కులు మారుతుంటాయి. కొన్ని యాప్‌లు వాటంతటవే ఇంగ్లీష్ డబ్బింగ్ ఎత్తుకుంటాయి. ఆడియో మెనూలో జపనీస్ మార్చాక ఒక ఎపిసోడ్ దాటి రెండోదానికి వెళ్లి, అది నిలిచిందో లేదో కూడా చూడండి. సబ్‌టైటిల్ అక్షరం పెద్దది పెట్టుకోండి. సోఫాలన్నీ ఒకే ఎత్తులో ఉంటే ముందువాళ్ల తలలు కింది రెండు లైన్లనీ మింగేస్తాయి.

టైం లెక్క. ఎపిసోడ్ సుమారు 24 నిమిషాలు, పాటలు దాటేస్తే 21. మూడు గంటల స్లాట్‌లో సెట్టింగులకి పది నిమిషాలు, కేకు, ఫోటోలకి అరగంట పోతే ఆరు ఎపిసోడ్లు హాయిగా చూడొచ్చు. మడోకా 12 ఎపిసోడ్లు ఒక్క స్లాట్‌లో కుదరవు. 2012లో టీవీ సిరీస్‌నే రెండు సినిమాలుగా కుదించారు, మొదటిది సుమారు రెండు గంటల పది నిమిషాలు. గంటల కొద్దీ కూర్చోలేనివాళ్లకి అది మేలు. కథ తెలిసినవాళ్లయితే 2013 నాటి మూడో సినిమా రెబెలియన్ పెట్టుకోండి, రెండు గంటల లోపే అయిపోతుంది. వారాంతం సాయంత్రాలు ధర ఎక్కువ, పక్క హాళ్ల మోత కూడా ఎక్కువ. మధ్య గోడలు జిప్సం బోర్డువి, అవతలి బాస్ ఇవతలికి వస్తుంది. వారం మధ్యలో పొద్దున పదకొండు గంటల స్లాట్ చవక, నిశ్శబ్దం. ఎండాకాలంలో ఏసీ ఫుల్‌లో పెడితే దాని హోరు క్యూబే గొంతుని కప్పేస్తుంది. మీ స్లాట్‌కి అరగంట ముందే హాలు చల్లబరచమని, తర్వాత ఫ్యాన్ స్పీడు తగ్గించమని అడగండి, వింటారు.

టిక్కెట్లు పెట్టి పదిమందిని పోగేసి చూపించడం లాంటివి చేయకండి. స్ట్రీమింగ్ ఖాతాలు సొంత వాడకానికే.

వెళ్లేటప్పుడు స్టిక్‌లో లాగౌట్ అవ్వండి, లేదంటే మీ ఖాతాలో సకురా పక్కన మర్నాడు ఎవరి పుట్టినరోజు సినిమాలో వరసగా కనబడతాయి. రిసీవర్ని కూడా వాళ్ల పాత మోడ్‌కి తిప్పేసి ఇవ్వండి. సబ్ తగ్గించి వదిలేస్తే తర్వాత వచ్చే బ్యాచ్ "సౌండ్ లేదు" అని గొడవ పెడుతుంది, ఆ కుర్రాడు రెండోసారి మనకి రిమోట్ ఇవ్వడు.